నాయన గొంతు దాచిన హార్డ్ డిస్కు

పోయిన నెల నా ల్యాప్‌టాప్ తెరుచుకోవడం మానేసింది. నల్లటి తెర మీద డిస్కు దొరకలేదన్న ఒక్క వాక్యం తెల్లగా నిలబడి ఉంది. ఒంగోలులో మా కాలేజీకి ఎదురుగా ఉన్న రిపేరు షాపుకు తీసుకుపోతే, అక్కడి ఆయన వెనకవైపు మరలు విప్పి, లోపలి నుంచి బిస్కెట్ కంటే పలచగా ఉన్న ఒక ముక్కను ఊడదీసి, దాని చోట కొత్తది బిగించాడు. "మీవన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయి మేడం. పాస్‌వర్డ్ కొట్టండి, వాటంతటవే వచ్చేస్తాయి," అన్నాడు. నిజంగానే వచ్చాయి. నా పాఠాలు, రాసి పక్కన పడేసిన వ్యాసాలు, ఎవరెవరో పంపిన పెళ్లి ఫోటోలు, అమ్మ ఆఖరి రోజుల్లో తమ్ముడు తీసిన వీడియోలు, ఒక్కటీ పోలేదు. చెడిపోయిన ముక్కను ఏం చేయమంటారని ఆయన అడిగితే పారేయమన్నాను. ఇంటికి వస్తుంటే ఆటోలో ఉన్నట్టుండి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమీ పోకుండానే ఎందుకు ఏడుస్తున్నానో కాసేపు నాకే తెలియలేదు. తర్వాత తెలిసింది. గిద్దలూరులో మా ఇంట్లో చెడిపోయిన మొదటి డిస్కు గుర్తొచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని రైల్లో మార్కాపురం పోయిన ఎండాకాలం గుర్తొచ్చింది.

స్టేషను రోడ్డులో నాయనకు తాళ్ల దుకాణం ఉండేది. దుకాణం వెనకాలే ఇల్లు. జనపతాళ్లు, కొబ్బరి పీచు తాళ్లు, ఎద్దుల పగ్గాలు, బావి మోకులు, గొర్రెల మెడకు కట్టే గంటలు, ఉన్ని కత్తెరలు, గొంగళ్లు, బకెట్లు, ఇవన్నీ వాకిలి నుంచి వంటింటి గోడ దాకా వేలాడుతూ, కుప్పలుగా పడి ఉండేవి. నల్లమల అంచు ఊళ్ల నుంచి గొర్రెల వాళ్లు, రైతులు వచ్చేవాళ్లు. పీచు వాసన, ఆముదం వాసన, వానాకాలంలో వాళ్లు కప్పుకొచ్చిన గొంగళ్ల తడి వాసన కలిసి మా బట్టలకూ పుస్తకాలకూ పట్టేవి. బడిలో పక్క పిల్ల నా నోట్సు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, "మీ ఇంట్లో గొర్రెలు ఉండాయా?" అని అడిగింది. మాకు గొర్రెలు లేవని చెప్తే నమ్మలేదు.

నాయన మనిషి సన్నం. చొక్కా లేకుండా కూర్చుంటే పక్కటెముకలు కనపడేవి. గొంతు మాత్రం ఆ ఒంట్లో నుంచి వస్తున్నదంటే కొత్తవాళ్లు నమ్మేవాళ్లు కాదు. గడప మీద నిలబడి, "ఏం మామా, గొర్లు ఈనినాయా?" అన్నాడంటే రోడ్డుకు అవతల టీ కొట్టు దగ్గరున్న మనిషి నవ్వుతూ వెనక్కి తిరిగేవాడు. దుకాణానికి వచ్చిన ప్రతి మనిషీ ఆయనకు మామో, బావో, చిన్నమ్మో, పెద్దనాయనో. పోయినసారి ఎవరు ఏం తీసుకుపోయిందీ, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగలేనిదీ గుర్తుపెట్టుకుని అడిగేవాడు. గొణిగినట్టు మాట్లాడటం ఆయనకు చేతకాదు. రహస్యం చెప్పబోయినా వీధిలోకి వినపడేది. "మెల్లిగా చెప్పండి, మీకు పుణ్యముంటాది," అని అమ్మ లోపలి నుంచి వేడుకునేది.

పొద్దున పేపరు రాగానే అరుగు మీద కూర్చుని మొదటి అక్షరం నుంచి పైకి చదవడం ఆయన అలవాటు. దుకాణం తెరిచేదాకా ఎదురుచూస్తూ కూర్చున్న చదువురాని మనుషుల కోసం మొదలుపెట్టాడని అంటారు గానీ, అరుగు మీద ఎవరూ లేని రోజు కూడా అంతే గట్టిగా చదివేవాడు. వంటింట్లో బియ్యం ఏరుతూ అమ్మ వినేది. "అయ్యో పాపం" అనేది. "వానికేం పొయ్యేకాలం?" అనేది. మిరప ధర పడిపోయిందని చదివితే, "అయితే ఈ యేడు కారం ఎక్కువ కొట్టిద్దాం," అనేది. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం నేను పెద్దగా చూడలేదు. అరుగుకూ వంటింటికీ మధ్య, వేలాడే తాళ్ల మీదుగా, ఆయన పేపరు చదువుతూ ఈమె జవాబులిస్తూ సాగిందే వాళ్ల సంసారంలో సగం సంభాషణ. ఆయన చదవని వేళల్లో అమ్మ పాడేది. ముగ్గు వేస్తూ, దీపం పెడుతూ, వాళ్లమ్మ దగ్గర కంభంలో నేర్చుకున్న హారతి పాటలు చిన్న గొంతుతో పాడుకునేది. ఎవరైనా వింటున్నారని తెలిస్తే ఆపేసేది.

డిగ్రీ అయ్యాక నేను మస్తాన్ సార్ దగ్గర కంప్యూటరు కోర్సులో చేరాను. బస్టాండు వెనక ఒక మేడ మీద ఆయన ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. అక్కడ ఒక్కో మిషను ముందు ఇద్దరిద్దరం కూర్చునేవాళ్లం, చేతికి కీబోర్డు వచ్చేసరికి కరెంటు పోయేది. నా గోడు విని నాయన ఒక రోజు మస్తాన్ సార్‌నే ఇంటికి పిలిపించి, "మా పాపకు ఇంట్లోనే ఒకటి బిగించు సార్," అన్నాడు. ఆయన హైదరాబాదు నుంచి భాగాలు తెప్పించి, మా మధ్య గదిలో నేల మీద పరుచుకుని, నా చేతే ఒక్కొక్కటీ బిగింపించాడు. హార్డ్ డిస్కును చేతిలో పెట్టి, "దీన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోవాల. కింద పడిందంటే నువ్వు దాంట్లో పెట్టుకున్నవన్నీ పోయినట్టే," అని చెప్పాడు. అమ్మ పాత వాయిలు చీర చించి కంప్యూటరుకు ముసుగు కుట్టింది. పీచు దుమ్ము లోపలికి పోకుండా ఆ గది తలుపు ఎప్పుడూ మూసి ఉంచేవాళ్లం. నాయన కూడా కాళ్లు కడుక్కుని వచ్చి చూసి పోయేవాడు.

ఆ తర్వాతి చలికాలంలో నాయన గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం, శొంఠి, పసుపు పాలు అన్నీ అయ్యాయి. చలి పోయినా బొంగురు పోలేదు. కర్నూలు తీసుకుపోయాం. డాక్టరు గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపి, మమ్మల్ని మళ్లీ రమ్మని, ఆ మళ్లీ వెళ్లిన రోజు నాయనను కూర్చోబెట్టి నేరుగా ఆయనకే చెప్పాడు. ప్రాణం నిలవాలంటే గొంతులో ఉండే మాటపెట్టె తీసేయాలి. ఇంకా ఆలస్యం చేస్తే అదీ కుదరదు. మెడకు ఒక రంధ్రం పెడతారు, దాంట్లో నుంచే ఊపిరి. నాయన అంతా విని, "అంటే అరవలేనా సార్?" అని అడిగాడు. "మాట్లాడలేరు," అన్నాడు డాక్టరు. నాయన తల ఊపాడు. బస్సు నంద్యాల దాటాక నాయనే నా వైపు తిరిగి, "పద్మా, పల్లీలు కొందామా?" అని అడిగాడు. ఆ గొంతు అప్పటికే ఆయనది కాదు, అయినా ఆయనదే.

ఆపరేషనుకు ఇచ్చిన గడువులో ఆయన గొంతు కంప్యూటరులో దాచిపెడదామన్న ఆలోచన నాది. మస్తాన్ సార్ దగ్గర మైకు తెచ్చి బిగించాను. నాయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. మైకును చూశాడు. నన్ను చూశాడు.

"ఏం చెప్పాలమ్మా దీనికి?"

"ఏదైనా చెప్పు నాయనా."

"ఎదురుగా మనిషి లేకుంటే నాకు మాట రాదు గదా." కాసేపు గొంతు సవరించుకుని, వంటింటి వైపు తిరిగి, "ముందు మీ అమ్మను పాడమను. ఆమె పాడినాక నేను జెప్తా," అన్నాడు.

"నాకేం పనిలేదనుకున్నారా?" అంది అమ్మ లోపలి నుంచి. అయినా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే వద్దని నేల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక హారతి పాట మొదటి నుంచి చివరిదాకా పాడింది. ఆమె మా ముందు అట్లా పాడటం అదే మొదలు. నాయన కదలకుండా విన్నాడు. పాట అయ్యాక, ఆయనేమీ అనకముందే అమ్మ లేచి వెళ్లిపోయింది.

మరుసటి రోజు నుంచి నాయన చెప్పాడు. మొదట నాకూ తమ్ముడు శ్రీనుకూ బుద్ధులు చెప్పబోయి మధ్యలోనే ఆపేశాడు. తర్వాత పేపరు తెచ్చుకున్నాడు. "ఇది చదువుతా. ఇదైతే నాకు అలవాటు," అన్నాడు. కర్నూలు ప్రయాణం దాకా రోజూ పొద్దున, అరుగు మీద కాకుండా ఆ మూసిన గదిలో మైకు ముందు కూర్చుని, బొంగురు గొంతుతో పేపరు చదివాడు. అకాల వానల వార్త, ఎక్కడో కాలువ గండి, తప్పిపోయిన ఎద్దు ప్రకటన, మిరప ధరలు. తలుపు అవతల నిలబడి అమ్మ విన్నది. ఆ రోజుల్లో ఆమె ఒక్క జవాబు కూడా ఇవ్వలేదు. తన గొంతు కూడా మైకులో పడుతుందని భయపడిందేమో అనుకున్నాను.

ఆపరేషను బాగా జరిగింది. నాయన బతికాడు. మెడ మీద చిన్న గుడ్డ అడ్డం కట్టుకుని ఇంటికి వచ్చాడు. ముక్కుతో ఊపిరి లేదు గనుక వాసనలు కూడా పోయాయి. పీచు తాడును ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసి, దించి పక్కన పెట్టడం నేను చూశాను. గొంతుకు ఆనించి మాట్లాడే మిషను ఒకటి డాక్టరు ఇప్పించాడు. దాని గరగర శబ్దానికి దుకాణంలో ఎవరి పిల్లో జడుసుకుని ఏడిస్తే, ఆ రోజు బీరువాలో పెట్టేసి మళ్లీ తీయలేదు. తమ్ముడు చెక్క చట్రం ఉన్న చిన్న రాతిపలక, బలపాలు తెచ్చి ఇచ్చాడు. మాట కావలసినప్పుడు నాయన దాని మీద రాసేవాడు. మేము చదవగానే కండువా చెంగుతో తుడిచేసేవాడు.

అప్పుడు మా ఇంట్లో ఒక వింత మొదలైంది. నాయన చెవులు మునుపటిలాగే పనిచేస్తున్నాయి. అయినా మేమందరం ఆయనతో సైగలు చేయడం మొదలుపెట్టాం. అన్నానికి రమ్మని చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపించేవాళ్లం. దుకాణానికి వచ్చిన మామలూ బావలూ కూడా ఆయన ముందు నిలబడి చేతులు తిప్పేవాళ్లు, లేదంటే శ్రీనుతో మాట్లాడి పోయేవాళ్లు. అందరికంటే ఎక్కువ అమ్మే. తాను మాట్లాడితే, మాట్లాడలేని మనిషిని ఎత్తిపొడిచినట్టవుతుందని ఆమె మనసులో ఎందుకో పడిపోయింది. మాతో కూడా గుసగుసలే. పాటలు మానేసింది. ముగ్గు వేసేటప్పుడు చీపురు శబ్దం, చెంబు శబ్దం, అంతే. అరుగు మీద పేపరు వచ్చి పడేది. నాయన దాన్ని పెదవులు కదపకుండా చదువుకుని మడిచి పెట్టేవాడు.

మధ్యాహ్నం నాయన దుకాణంలో ఉన్నప్పుడు అమ్మ నా గదికి వచ్చేది. "అది కొంచెం పెట్టమ్మా," అనేది. నేను కంప్యూటరు తెరిచి నాయన చదివిన పేపరు పెట్టేదాన్ని. చింతపండు ఒలుస్తూనో, కందిపప్పు ఏరుతూనో గోడకు ఆనుకుని వినేది. ఆ పాత వార్తలకు ఇప్పుడు జవాబులిచ్చేది. "అయ్యో, ఎద్దు దొరికిందో లేదో." "ఆ ధర యాడ మునిగిందో." అదే మనిషి, అదే మాటతీరు. వింటుంటే నాకు సంతోషంగానే ఉండేది. గొంతు దాచి మంచిపని చేశానని లోలోపల గర్వం కూడా.

ఒక మధ్యాహ్నం నాయన కళ్లద్దాల కోసం కాబోలు ఇంట్లోకి వచ్చాడు. తలుపు వారగా తెరిచి ఉంది. లోపల ఆయన గొంతు వానల గురించి చదువుతోంది. అమ్మ నవ్వుతూ ఏదో అంది. గడపలో నాయన నిలబడి ఉండటం నేను ముందు చూశాను. ఆయన చూపు కంప్యూటరు మీద లేదు, అమ్మ ముఖం మీద ఉంది. అమ్మ తలెత్తి ఆయనను చూసి, నవ్వు ఆపి, గబగబా లేచి, కాఫీ కావాలా అని చేత్తో సైగ చేసింది. నాయన తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలమే డిస్కు చెడిపోవడం మొదలైంది. మొదట కంప్యూటరు తెరుచుకోవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పట్టేది. తర్వాత నాయన గొంతు పేపరు చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగి, అదే అక్షరాన్ని పట్టుకుని పీకులాడేది. ఒకనాడు నీలం తెర వచ్చి మొత్తం ఆగిపోయింది. కరెంటు ఎక్కువ తక్కువల వల్లేమోనని స్టెబిలైజరు మార్చి చూశాను. పెట్టె విప్పి, దుమ్ము ఊది, డిస్కుకు పోయే పట్టీ తీగను తీసి మళ్లీ బిగించాను. మస్తాన్ సార్ దగ్గర వేరే తీగ తెచ్చి మార్చాను. రెండు రోజులు బాగుండి మళ్లీ అదే వరస. డిస్కును తనిఖీ చేసే ప్రోగ్రాము పెట్టాను. తెర నిండా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడినీ చదువుకుంటూ పోతుంది. చదవలేని గడి దగ్గర బి అనే అక్షరం పడుతుంది. మొదట అక్కడొకటి ఇక్కడొకటి పడ్డాయి. తర్వాత వరసగా పడసాగాయి. అప్పుడే లోపలి నుంచి శబ్దం విన్నాను. గోరుతో రేకు మీద కొట్టినట్టు టిక్కు, టిక్కు, టిక్కు.

మస్తాన్ సార్ వచ్చి చెవి ఆనించి విని, ముందు స్విచ్చి ఆపేశాడు. "తనిఖీ చేయడం ఆపు తల్లీ. ఆ తనిఖీనే దాన్ని ఇంకా అరగదీస్తాది. లోపల చదివే సూది దెబ్బ తింటాంది. ఇంగ దీన్ని బాగుచేయడం కుదరదు. కాపీ తీసుకోవడం ఒక్కటే," అన్నాడు. ఆ ఫైళ్లు ఫ్లాపీల్లో పట్టేవి కాదు. సీడీ రాసే మిషను అప్పట్లో ఆయన దగ్గర లేదు. మార్కాపురంలో తనకు తెలిసిన షాపు ఉందని చెప్పి, డిస్కు ఊడదీసి, అట్టపెట్టెలో దూది పరిచి పెట్టి ఇచ్చాడు. నేను ఒక్కదాన్నే పోదామనుకున్నాను. పొద్దున చూస్తే నాయన చెప్పులు వేసుకుని, పలక సంచిలో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. అమ్మ నా దగ్గరికి వచ్చి చెవిలో, "జాగ్రత్తగా తీస్కరా," అంది. ఆయన జాగ్రత్తో, డిస్కు జాగ్రత్తో చెప్పలేదు.

పాసింజరు రైల్లో కిటికీ పక్కన కూర్చుని పెట్టెను ఒళ్లో పట్టుకున్నాను. బండి కుదిపినప్పుడల్లా నాయన చెయ్యి చాపి దాని కింద పెట్టేవాడు. కంభం దాటాక నా చేతులు నొప్పి పుడుతున్నాయని గ్రహించి, తానే తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురు సీటులో ఆడమనిషి, "ఏంది పెద్దనాయనా అది, కోడిపిల్లలా?" అని అడిగింది. నాయన నోరు తెరిచి, మూసుకుని, నా వైపు చూశాడు. కంప్యూటరు సామాను అని నేను చెప్పాను. ఆమె ఆయన మెడ మీది గుడ్డను అప్పుడు చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

షాపాయన మంచి మనిషి. మా డిస్కును తన కంప్యూటరుకు రెండో డిస్కుగా తగిలించాడు. మొదటిసారి అది కనపడలేదు. తీగ మార్చి, కాసేపు చల్లారనిచ్చి మళ్లీ పెడితే కనపడింది. ఫైళ్ల పేర్లు తెర మీద వరసగా వచ్చాయి. పేపరు, పేపరు, పేపరు, శ్రీనుకు, పద్మకు, అమ్మ పాట. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంతలో టిక్కు టిక్కు మొదలైంది. ఆయన ముఖం మారింది.

"చెల్లెమ్మా, ఇది ఎంతసేపు తిరుగుతాదో చెప్పలేను. ఒక్కొక్కటే తీద్దాం. ఏది ముఖ్యమో అది ముందు చెప్పండి. అదన్నా దక్కుతాది."

నేను మొదటి పేపరు ఫైలు మీద వేలు పెట్టబోయాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. తెర దగ్గరికి వంగి, చిట్టచివరి పేరు మీద వేలు ఆనించాడు. అమ్మ పాట.

"అది కాదు నాయనా, నీవి ముందు."

ఆయన వేలు తీయలేదు. షాపాయన ఇద్దరినీ చూసి, "పెద్దాయన చెప్పినట్టే కానిద్దామమ్మా, టైము పోతాంది," అని ఆ ఫైలును లాగాడు. అది వచ్చేసింది, మధ్యలో ఒకసారి ఆగినా పూర్తిగా వచ్చింది. తర్వాత పేపరు ఫైలు మొదలుపెట్టాడు. సగం దాకా పోయి, చదవలేకపోతున్నానని తెర చెప్పింది. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. శ్రీనుకు చెప్పినది పెట్టబోయేసరికి లోపల గట్టిగా ఒక దెబ్బ పడినట్టు వినిపించి, తిరగడం ఆగిపోయింది. ఆపి, చల్లార్చి, అటు తిప్పి ఇటు తిప్పి సాయంత్రం దాకా చూశాడు. అది మళ్లీ కనపడలేదు. పాట ఒక్కటీ సీడీ మీద రాసి ఇచ్చాడు.

స్టేషనులో బెంచీ మీద కూర్చున్నాక నాకు కోపం ఆగలేదు.

"ఎందుకట్ల జేసినావు నాయనా? ఆ పాట అమ్మ రేపు పాడమన్నా పాడుతుంది. నీ గొంతు మళ్ల యాడ తెచ్చేది?"

నాయన పలక తీశాడు. 'పాడదు' అని రాశాడు. తుడిచాడు. 'ఆపరేషనైన కాడి నుంచి నాతో మాట్లాడలేదు' అని రాశాడు. నేను చదవగానే అదీ తుడిచి, బలపం కాసేపు గాల్లోనే పట్టుకుని, 'దాంతో మాట్లాడతాది' అని రాసి, అట్టపెట్టె వైపు చూపించాడు. బండి వచ్చేదాకా ఆ మాటను తుడవలేదు. ఆ మధ్యాహ్నం గడపలో నిలబడి ఆయన ఏం చూశాడో అప్పుడు అర్థమైంది.

ఇంటికి వచ్చాక అమ్మ నన్నే అడిగింది, "వచ్చినాయా?" అని. ఒక్కటే వచ్చిందనీ, అది తన పాటేననీ, నాయనే చూపించాడనీ చెప్పాను. ఆమె నాయన వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ మరుసటి రోజంతా సైగలు కూడా లేవు. కంచం పెట్టి పక్కకు పోయింది.

ఆ సాయంత్రం మస్తాన్ సార్ తన దగ్గరున్న పాత డిస్కు ఒకటి తెచ్చి బిగించి, కంప్యూటరును లేపి ఇచ్చి పోయాడు. నాయన సీడీ తెచ్చి నా చేతిలో పెట్టి, పెట్టమన్నట్టు తల ఊపాడు. పెట్టాను. ఇంట్లో చాలా కాలం తర్వాత అమ్మ పాట వినిపించింది. హారతి పాట సగంలో ఉండగా వంటింట్లో గిన్నె ఎత్తి పడేసిన చప్పుడు. అమ్మ గరిటెతోనే గదిలోకి వచ్చింది.

"ఎవరడిగినారు మిమ్మల్ని నా పాట? నా పాట నాకెందుకు? ఉన్న ఒక్క ఆధారం పోగొట్టుకుని వచ్చి, నాకు నా పాట వినిపిస్తారా? ఇన్ని దినాలు ఎట్ల బతికినాననుకున్నారు? ఆ నాలుగు మాటలు ఇనుకుంటా బతికినా. ఒక్క మాట అడగబళ్లేదా నన్ను? ఎప్పుడూ మీ ఇష్టమేనా?" ఆమె అరుస్తోంది. తెరిచిన కిటికీలో నుంచి వీధిలోకి పోతోంది ఆ గొంతు. దుకాణంలో ఉన్న శ్రీను పరుగెత్తుకొచ్చి తలుపు దగ్గర ఆగిపోయాడు. నాయన గోడకు ఆనుకుని వింటున్నాడు. తిట్లు తింటున్న మనిషి ముఖంలా లేదు అది. చాలా దూరం నడిచి వచ్చి నీళ్లు తాగుతున్న మనిషి ముఖంలా ఉంది.

పాట ఇంకా నడుస్తూనే ఉంది. అమ్మ నా వైపు తిరిగింది. "ఆపు పద్మా దాన్ని! నేను బతికే ఉండాను గదా, నా గొంతు పెట్టెలో ఎందుకు?"

నేను ఆపాను. నాయన పలక అందుకుని రాసి, అమ్మ ముందు పట్టుకున్నాడు. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివింది.

"నే...ను... గూ...డా... బతి...కే... ఉండా."

గరిటె పట్టుకునే నేల మీద కూలబడింది. నాయన ఆమె పక్కన కూర్చున్నాడు. శ్రీనూ నేనూ బయటికి వచ్చేశాం. లోపల చాలాసేపు అమ్మ గొంతు ఒక్కటే వినిపించింది. ఏడుస్తూ, తిడుతూ, మధ్యలో ఏదో అడుగుతూ, ఆగి, మళ్లీ చెబుతూ. ఆ ఆగిన చోటల్లా పలక మీద బలపం గీసుకుంటున్న చప్పుడు.

ఆ తర్వాత అమ్మ సైగలు మానేసింది. కొన్నాళ్లకు పేపరు ఆమె చేతికి వచ్చింది. అరుగు మీద నాయన పక్కన కూర్చుని, తప్పులు చదువుతూ, పెద్ద పేర్లు వచ్చినప్పుడు నాలుక తడబడుతూ పైకి చదివేది. తప్పు పోయినచోట నాయన వేలితో అక్షరం చూపించేవాడు. ఆయన రాసిన జవాబులు ఆమె పైకి చదివి, దాని మీద తన వ్యాఖ్యానం చేర్చేది. గొర్రెల వాళ్లు వచ్చి కూర్చుని వినేవాళ్లు. వాళ్లూ మెల్లగా నాయనతో నోటితో మాట్లాడటం నేర్చుకున్నారు. పాటలు మాత్రం వెంటనే రాలేదు. ఆ కార్తీకంలో దీపం పెడుతూ ఒకసారి విన్నాను. ఆపేస్తుందేమోనని ఎవరూ ఆమె వైపు తల తిప్పి చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లల ఫోన్లు తెరిస్తే అమ్మ ఎన్ని వందల చోట్ల మాట్లాడుతోందో చెప్పలేను. దోసకాయ పచ్చడి చేస్తూ, మందులు వద్దంటూ, మనవరాలి జడ వేస్తూ. వాటిని ఎవరూ దాచలేదు, వాటంతటవే దాగాయి. ఏది ముఖ్యమో చెప్పమని ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగితే మా పిల్లలు ఏది చూపిస్తారో నాకు తెలియదు. మాకు చూపించవలసి వచ్చింది గనుక, మా నాయనకు ఏది ముఖ్యమో నాకు తెలిసింది. అది తెలిసినందుకు ఇచ్చుకున్న వెల కూడా తెలుసు. ఆయన గొంతు ఎట్లా ఉండేదని తమ్ముడి పిల్లలు అడిగితే చెప్పడానికి నా దగ్గర మాటలు తప్ప ఏమీ లేవు. ఆ మాటలు కూడా ఏటికేడు పలచబడుతున్నాయి. చాలా ఏళ్లు ఆ డిస్కును బీరువాలో దాచుకున్నాను.

ఆపరేషను తర్వాత నాయన మేము అనుకున్నదానికంటే ఎక్కువ కాలమే బతికాడు. ఆయన పోయిన తర్వాత, కర్మలన్నీ అయిన వారంలో, శ్రీను ఒక మాట తెచ్చాడు. చెడిపోయిన డిస్కులను విప్పి, లోపలి రేకుల మీద నుంచి నేరుగా చదివే వాళ్లు హైదరాబాదులో ఉన్నారట. గ్యారంటీ లేదు గానీ పంపి చూద్దామన్నాడు. నాకూ ఆశ పుట్టింది. డిస్కు తీసి కండువాలో చుట్టి అమ్మ ముందు పెట్టి, ఏమంటావని అడిగాం. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. అరుగు మీద పేపరు చదవకుండానే పడి ఉంది, దాన్ని దగ్గరికి లాక్కుని మడతలు సరిచేసింది.

"వద్దులే నాయనా," అంది శ్రీనుతో. "గొంతు పోయినాక ఆయన నాతో చెప్పిందే శానా ఉంది."